మీ ఫొటో మీదేనని రుజువు చేయడం ఎలా? కంటికి కనపడని వాటర్‌మార్క్ వేసే పద్ధతి

పండక్కి పక్కింటివాళ్లు బొబ్బట్లు పెట్టి పంపిన స్టీలు గిన్నెను కడిగి తిరగేస్తే, అడుగున చుక్కలు చుక్కలుగా ఒక పేరు కనిపిస్తుంది. పెళ్లినాడు కొట్టించిన పేరు, దాని కింద తేదీ. వడ్డించేటప్పుడు ఆ పేరు ఎవరి కంటా పడదు. గిన్నె ఎవరిదన్న మాట వచ్చిన రోజున మాత్రం తిరగేసి చూస్తారు. ఫొటోలో దాచిపెట్టే వాటర్‌మార్క్ అనే గుర్తు చేసే పని కూడా ఇదే.

మూలన పెద్దక్షరాలతో పేరు వేసుకోవడం చాలదా అని మీకు అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించేది. నాలుగేళ్ల కిందట సంక్రాంతికి ముషీరాబాద్‌లో మా పెద్దత్తయ్య వాళ్లింటికి వెళ్లాను. హాల్లో ఒక బట్టల షాపు వాళ్లిచ్చిన కొత్త క్యాలెండర్ ఉంది. ఊరికే పేజీలు తిప్పుతుంటే జులై పేజీలో నా ఫొటో. లష్కర్ బోనాలప్పుడు సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడి సందులో తీసింది. తల మీద బోనం, దాని చుట్టూ వేపరెమ్మలు, పైన దీపం. గాలికి ఆ దీపం మంట ఎడమవైపు వాలి ఉంటుంది. ఆ వాలు చూడగానే నా గుండె ఝల్లుమంది. నా పేరున్న మూల కోసేశారు. అక్కడ షాపు లోగో ఉంది.

షాపుకి వెళ్లి అడిగితే "ప్రింటర్ ఇచ్చిండు సార్, మాకేం తెల్వదు" అన్నారు. ప్రింటర్ దగ్గరికి వెళ్తే, "వాట్సాప్‌ల వచ్చిందన్నా. ఇది మీదే అని గ్యారంటీ ఏంది?" అన్నాడు. కోపం వచ్చిన మాట నిజమే, కానీ ఆలోచిస్తే అతని ప్రశ్నలో తప్పేమీ లేదు. మూల పోయాక ఆ ఫొటోలో నన్ను పట్టిచ్చేది ఏమీ మిగల్లేదు. చివరికి ల్యాప్‌టాప్ తెరిచి, ఆ నిమిషంలో వరసగా తీసిన 14 ఫ్రేములూ చూపించాను. క్యాలెండర్‌లో పడిన దాని తర్వాత మూడో ఫ్రేములో ఒక పిల్లాడి చెయ్యి వేపరెమ్మ అందుకోబోతూ ఉంటుంది. అది చూశాక ప్రింటర్ తలూపి, బిల్లు పంపమన్నాడు.

ఆ తర్వాత నేర్చుకుని, ఇప్పటికీ పాటిస్తున్న పద్ధతిని కింద చెబుతున్నాను. ఇందులో సాఫ్ట్‌వేర్ పని పావువంతు. మిగతా ముప్పావు వంతు ఫొటో బయటికి వెళ్లకముందు చేసుకోవాల్సిన అలవాట్లు. అవి లేకుండా వాటర్‌మార్క్ ఒక్కటే పెట్టుకుంటే అవసరమైన రోజున అది నిలబడదు. ఎందుకో ముందుకు వెళ్లేకొద్దీ చెబుతాను.

ముందు హక్కు మీదేనా చూసుకోండి

1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటోకు కర్త దాన్ని తీసిన మనిషే. కానీ సెక్షన్ 17లో ఒక మెలిక ఉంది. ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, తొలి హక్కుదారులు తీయించుకున్నవాళ్లే అవుతారు. పెళ్లి ఫొటోలు, దుకాణాల ప్రోడక్ట్ ఫొటోలు, కంపెనీ ఈవెంట్ల ఫొటోలు అన్నీ దీని కిందికే వస్తాయి. ఉద్యోగంలో భాగంగా తీసినవి యజమానివి. ఈ సంగతి చాలామంది ఫొటోగ్రాఫర్లకు గొడవ అయ్యేదాకా తెలియదు.

అందుకని పని ఒప్పుకునేటప్పుడే కాగితం మీద రెండు వాక్యాలు రాయించుకోండి: కాపీరైట్ ఫొటో తీసినవారి దగ్గరే ఉంటుంది, ఫలానా అవసరానికి ఫలానా కాలం పాటు వాడుకునే అనుమతి మాత్రమే ఇస్తున్నాం అని. సంతకం షూటింగ్‌కి ముందే పడాలి. కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఫొటో తీసిన క్షణంలోనే హక్కు పుడుతుంది. అయినా మీకు బాగా విలువైనవి అనిపించిన నాలుగైదింటిని రిజిస్టర్ చేయించడం మంచిదే.

అసలు ఫైలుకు తేదీ వేయించండి

కెమెరా నుంచి మార్పులేమీ లేకుండా వచ్చిన ఒరిజినల్, అంటే రా ఫైల్, మీ ఇంటి దస్తావేజు లాంటిది. అది ఎవరికీ ఇవ్వకండి. కస్టమర్ ఎంత బతిమాలినా జేపెగ్, అంటే కుదించి సేవ్ చేసిన మామూలు ఫొటో ఫైలు, మాత్రమే ఇవ్వండి. బాగా రాని ఫ్రేములను కూడా పారేయకండి. దొంగిలించినవాడి దగ్గర ఒక్క ఫొటో ఉంటుంది. దానికి ముందూ వెనకా ఉన్న ఫ్రేములు మీ దగ్గర తప్ప ఈ భూమ్మీద ఎక్కడా ఉండవు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీలో ఒక హార్డ్ డిస్క్ కొనుక్కుంటే ఏళ్లకేళ్ల చెత్త ఫ్రేములన్నీ అందులో పడి ఉంటాయి. నా అనుభవంలో అంతకన్నా మంచి సాక్ష్యం ఇంకోటి లేదు.

ఇప్పుడు ఆ రా ఫైలుకు హ్యాష్ తీయండి. హ్యాష్ అంటే ఫైలు వేలిముద్ర అనుకోండి. ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో ఎంత పెద్ద ఫైలుకైనా 64 అక్షరాల వరస ఒకటి వస్తుంది. ఫైల్లో ఒక్క బిట్, అంటే ఒక్క సున్నా లేదా ఒకటి, మారినా ఆ వరస మొత్తం మారిపోతుంది. విండోస్‌లో సెవెన్-జిప్ వేసుకుంటే, ఫైలు మీద రైట్ క్లిక్ చేసి హ్యాష్ తీసుకోవచ్చు. ఆ వరసను ఆ రోజే మీకు మీరే మెయిల్ చేసుకోండి. నమ్మకమైన ఇంకొకరిని కాపీలో పెడితే ఇంకా గట్టిది. ఫొటో పంపనక్కర్లేదు, హ్యాష్ చాలు. ఇంకాస్త ఓపిక ఉంటే ఓపెన్‌టైమ్‌స్టాంప్స్ అనే ఉచిత సేవ ఉంది. అది మీ హ్యాష్‌ను బిట్‌కాయిన్ బ్లాక్‌చెయిన్‌కు, అంటే అందరికీ కనపడే ఒక డిజిటల్ చిట్టాకు, ముడివేస్తుంది. ఆ తేదీని ఆ తర్వాత ఎవరూ వెనక్కి జరపలేరు.

ఇంత అవసరమా అంటారేమో. ఇక్కడే గిన్నె సంగతి మళ్లీ గుర్తు చేసుకోవాలి. మీ గిన్నె ఎత్తుకెళ్లినవాడు దాని మీద తన పేరు కూడా కొట్టించుకోవచ్చు కదా! అప్పుడు గిన్నె మీద రెండు పేర్లుంటాయి. డిజిటల్ వాటర్‌మార్క్‌లో ఈ చిక్కు ఇంకా పెద్దది. స్కాట్ క్రేవర్, ఆయన తోటి పరిశోధకులు 1990ల చివర్లోనే దీన్ని చూపించారు. దొంగ మీ ఫొటో తీసుకుని, అందులోంచి తన గుర్తును లెక్కగట్టి తీసివేసి, మిగిలినదాన్ని "ఇదిగో నా ఒరిజినల్" అని చూపించగలడు. లెక్క ప్రకారం మీ ఫొటోలో అతని గుర్తు ఉన్నట్టే తేలుతుంది. ఇద్దరి దగ్గరా ఒరిజినల్, ఇద్దరి దగ్గరా గుర్తు. ఎవరిది ముందు అన్నది వాటర్‌మార్క్ చెప్పలేదు. రా ఫైలూ, దాని తేదీ చెబుతాయి. వాటర్‌మార్క్ పనల్లా, బజార్లో దొరికిన కాపీని పట్టుకొచ్చి మీ దస్తావేజుకు కలపడం. అందుకే ఈ మెట్టును దాటేసి సాఫ్ట్‌వేర్ దగ్గరికి పరిగెత్తకండి.

ఏం దాచాలి, ఎక్కడ రాసుకోవాలి

అందరూ మొదట తమ పేరే దాస్తారు. నేను వద్దంటాను. మీ పేరు ఎవరైనా టైప్ చేయగలరు. పైగా తెలుగులో రాస్తే చోటు చాలా తింటుంది. యూనికోడ్‌లో 'కి' అన్న ఒక్క అక్షరమే రెండు భాగాలు: క ఒకటి, గుడి ఒకటి. ఒక్కోదానికి 3 బైట్లు, బైటుకు 8 బిట్ల చొప్పున మొత్తం 48 బిట్లు. దాచే బిట్లు పెరిగేకొద్దీ ఒక్కో బిట్‌కు ఫొటోలో దొరికే చోటు తగ్గి, గుర్తు బలహీనపడుతుంది.

దానికి బదులు 64 ఒకట్లూ సున్నాల వరసను కంప్యూటర్‌తోనే యాదృచ్ఛికంగా పుట్టించండి. మీ పుట్టినరోజు, ఫోన్ నంబర్ లాంటివి వద్దు. ఆ వరస గుడ్డిగా వచ్చినదై ఉండాలి. దాని లాభం చివర్లో తెలుస్తుంది.

తర్వాత ఒక నోట్‌బుక్ పెట్టండి. నిజంగా కాగితం నోట్‌బుక్, దానికి తోడు ఒక ఎక్సెల్ షీట్. ఒక్కో వరుసలో ఇవన్నీ ఉండాలి: ఫొటో నంబర్, రా ఫైల్ పేరు, దాని హ్యాష్, 64 బిట్ల కోడ్, పాస్‌వర్డ్‌లు, వాటర్‌మార్క్ వేసిన ఫైలు పొడవు వెడల్పులు పిక్సెళ్లలో, దాని హ్యాష్, ఎవరికి ఇచ్చారు, ఏ తేదీన. పొడవు వెడల్పులు రాయడం చాలామంది మరిచిపోతారు. రేపు గుర్తును బయటికి తీయడానికి అవే తాళంచెవి.

ఇలా నంబర్లు వేసుకోవడం మన ఊళ్లో కొత్తేమీ కాదు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా ఉండి, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్ దయాళ్ గాజు నెగటివ్‌ల మీదే నంబరు, పేరు వేసేవారు. ప్రింటు ఎన్ని చేతులు మారినా ఆ నంబరు దానితోనే వెళ్లేది.

ఒకే ఫొటోను ముగ్గురికి పంపుతుంటే మూడు వేర్వేరు కోడ్‌లు వేయండి. పత్రికకు ఒకటి, ప్రింటర్‌కు ఒకటి, ఇన్‌స్టాగ్రామ్‌కు ఒకటి. రేపు ఎక్కడో తేలితే ఏ దారిన బయటపడిందో తెలిసిపోతుంది. నా బోనం ఫొటోకు ఇలా చేసి ఉంటే, ప్రింటర్‌కు ఆ వాట్సాప్ ఎవరు పంపారో ఈపాటికి తెలిసి ఉండేది. ఈ రోజుకీ తెలియదు.

గుర్తు ఎక్కడ దాక్కుంటుంది

ఇది కాస్త అర్థం చేసుకుంటే తప్పు సాఫ్ట్‌వేర్ ఎంచుకోరు.

ఫొటోలో ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి. ఒక్కోటి 0 నుంచి 255 దాకా. 142ను 143 చేస్తే ఏ కన్నూ పట్టుకోలేదు. ఈ చివరి బిట్‌లో సమాచారం దాచే పద్ధతి చాలా సులువు, యూట్యూబ్‌లో చూపించే వీడియోల్లో ఎక్కువ భాగం ఇదే. మన అవసరానికి మాత్రం ఇది పనికిరాదు. జేపెగ్‌గా ఒకసారి సేవ్ చేస్తే చాలు, ఆ చివరి బిట్లన్నీ చెదిరిపోతాయి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా ఒక్కసారి పంపితే గుర్తు మాయం.

జేపెగ్ ఫొటోను 8 పిక్సెళ్ల పొడవు, 8 పిక్సెళ్ల వెడల్పు ఉన్న గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడిని 64 అలల కలయికగా లెక్కగడుతుంది. నెమ్మదిగా మారే అలలు బొమ్మ రూపాన్ని మోస్తాయి. మరీ సన్నటి అలలను కన్ను గమనించదు కాబట్టి జేపెగ్ వాటినే ముందు పారేస్తుంది. కాబట్టి గుర్తును సన్నటి అలల్లో పెడితే కొట్టుకుపోతుంది, నెమ్మది అలల్లో గట్టిగా పెడితే బొమ్మ పాడవుతుంది. మధ్యలో, బొమ్మకు కావలసిన అలల్లో పలచగా పరచాలి. కంటికి ముఖ్యమైన భాగంలోనే గుర్తు పెడితే, దాన్ని చెరపాలంటే బొమ్మనే చెడగొట్టుకోవాలి. ఇంగెమార్ కాక్స్ బృందం 1997లో గట్టిగా చెప్పిన మాట ఇది, ఇప్పటి పద్ధతులకు పునాది కూడా.

వాటర్‌మార్క్ వేయడం

నేను వాడేది బ్లైండ్-వాటర్‌మార్క్ అనే ఉచిత లైబ్రరీ, అంటే పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ముందే రాసిపెట్టిన కోడ్. ఇప్పుడు చెప్పిన అలల పద్ధతిలోనే పనిచేస్తుంది. ఇన్‌విజిబుల్-వాటర్‌మార్క్ అని ఇంకోటి ఉంది. అది కూడా మంచిదే, కానీ ఫొటో సైజు మారితే తట్టుకోదు. కోడింగ్ అసలు వద్దనుకునేవాళ్లకు ఓపెన్‌స్టెగో అని కిటికీలూ బటన్లూ ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. చేయి తిరగడానికి అది బాగుంటుంది. అమ్ముకునే ఫొటోలకు మాత్రం నా ఓటు మొదటిదానికే.

కోడింగ్ రాకపోతే టెన్షన్ పడకండి. మొత్తం పది లైన్ల పని. అమీర్‌పేటలో పైథాన్ నేర్చుకుంటున్న ఏ కుర్రాడైనా, అమ్మాయైనా కూర్చోబెడితే ఒక పూటలో రాసిస్తారు. వాళ్లకు చెప్పాల్సింది మాత్రం మీకు తెలిసి ఉండాలి.

ముందు ఫొటో పని అంతా పూర్తి చేయండి. రంగులు, క్రాప్, షార్పెనింగ్, చివరికి పంపాల్సిన సైజుకు తగ్గించడం, అన్నీ. వాటర్‌మార్క్ వేశాక సైజు మార్చకూడదు, షార్పెన్ చేయకూడదు. కలర్ ప్రొఫైల్‌ను తెరల మీద మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీకి మార్చి, జేపెగ్‌లా ఏమీ పారేయని పీఎన్‌జీ ఫైలుగా సేవ్ చేయండి.

ఆ పీఎన్‌జీని లైబ్రరీకి ఇవ్వండి. అది రెండు పాస్‌వర్డ్‌లు అడుగుతుంది. ఒకటి ఫొటోకు, రెండోది గుర్తుకు. రెండూ అంకెలే. నమూనా కోడ్‌లో రెండింటికీ 1 అని ఉంటుంది. అలాగే వదిలేస్తే లైబ్రరీ తెలిసినవాడెవడైనా మీ గుర్తును చదివేస్తాడు. పెద్ద అంకెలు పెట్టి నోట్‌బుక్‌లో రాయండి. దాచేటప్పుడు అక్షరాల పద్ధతి కాకుండా బిట్ల పద్ధతి ఎంచుకోమని చెప్పండి. అక్షరాలుగా దాస్తే ఒక్క బిట్ చెదిరినా అక్షరం మారిపోయి అర్థం లేనిది వస్తుంది. బిట్లుగా ఉంటే ఎన్ని సరిపోయాయో లెక్కపెట్టుకోవచ్చు.

బయటికి వచ్చిన ఫైల్లో మీ పేరు, కెమెరా వివరాలు లాంటి మెటాడేటా ఉండదు. లైబ్రరీ ఫొటోను కొత్తగా రాసేటప్పుడు అవి రాలిపోతాయి. అందుకని జేపెగ్‌గా మార్చేటప్పుడు, నాణ్యత 90కి తగ్గకుండా చూసి, కాపీరైట్, క్రియేటర్ గడులను మళ్లీ నింపండి. లైట్‌రూమ్‌లో చేయవచ్చు, ఎక్సిఫ్‌టూల్‌తో అయితే వెయ్యి ఫొటోలకు ఒకేసారి అవుతుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఈ మెటాడేటా పోతుంది, నిజమే. అయినా రాయండి. మెయిల్లోనూ, డాక్యుమెంట్‌గా పంపినప్పుడూ అది అలాగే ఉంటుంది. కనపడే పేరు, మెటాడేటా, కనపడని గుర్తు, ఈ మూడూ ఒకదానికొకటి తోడు. చిన్న పేరు మూలన వేయడం నేను మానలేదు. మర్యాదస్తుడు దాన్ని చూసే ఫోన్ చేస్తాడు.

చూడండి, ఆ తర్వాత హింసించండి

వేసిన ఫొటోను వంద శాతం జూమ్‌లో చూడండి. ముఖ్యంగా నున్నగా ఉండే చోట్లు: ఆకాశం, గోడ, ఒకే రంగు పట్టుచీర. లాడ్ బజార్ గాజుల కుప్పలాంటి ఫొటోలో ఏం దాచినా దాగుతుంది. నా మొదటి ప్రయత్నం దుర్గం చెరువు మీద తెల్లవారుజామున తీసిన ఫొటో. మూడు వంతులు ఆకాశమే. వాటర్‌మార్క్ వేశాక జూమ్ చేస్తే ఆకాశమంతా పలచటి గళ్లు, ఉతికిన గుడ్డ మీద గంజి మరకల్లా. అలాంటివాటికి గుర్తు బలం తగ్గించాలి, లేదంటే ఇంకాస్త పెద్ద సైజు ఫొటో ఇవ్వాలి. కొలత కావాలంటే, గుర్తు వేయకముందు ఫొటోకూ వేశాక ఫొటోకూ తేడాను కొలిచే పీఎస్‌ఎన్‌ఆర్ అనేది ఒకటుంది. అది 40 డెసిబెల్స్ పైన ఉంటే మామూలుగా కంటికి తేడా తెలియదు. నేను మాత్రం కంటినే నమ్ముతాను.

తర్వాత అసలు పరీక్ష. ఆ ఫొటోను ఇంటి వాట్సాప్ గ్రూప్‌లో పెట్టి, ఇంకో ఫోన్లో దించుకోండి. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి స్క్రీన్‌షాట్ తీయండి. ఒక పక్క కోయండి. వెలుతురు పెంచండి. ప్రింట్ తీయించి స్కాన్ చేయండి. ఒక్కో కాపీ నుంచి గుర్తును బయటికి తీసి, 64లో ఎన్ని బిట్లు సరిపోయాయో నోట్‌బుక్‌లో రాయండి.

మొదటిసారి మీకు గుండె జారిపోతుంది. నాకు వాట్సాప్ కాపీలోంచి సగం బిట్లే సరిపోయాయి. సగం అంటే ఏమీ లేనట్టే, బొమ్మాబొరుసూ వేసినా సగం సరిపోతాయి. రెండు రోజులు తల పట్టుకున్నాక తెలిసింది, వాట్సాప్ ఫొటో సైజును తగ్గించేసింది. ఆ కాపీని నోట్‌బుక్‌లో రాసుకున్న పాత పొడవు వెడల్పులకు మళ్లీ పెంచి తీస్తే దాదాపు బిట్లన్నీ లేచి నిలబడ్డాయి. కోసేసిన ఫొటోకూ ఇదే వైద్యం. ఫొటోషాప్‌లోనో గింప్‌లోనో మీ ఒరిజినల్‌ను కింది లేయర్‌గా పెట్టి, దొరికిన కాపీని పై లేయర్‌గా పెట్టి, ఒక మొటిమో, ఒక కిటికీ అంచో ఆధారంగా సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టండి. ఆ తర్వాత కింది లేయర్‌ను తీసేసి, పోయిన భాగాన్ని ఖాళీగా వదిలేయండి. అక్కడ ఒరిజినల్ ముక్క అతికిస్తే మీరే సాక్ష్యం తయారు చేసినట్టు అవుతుంది. అలా పొరపాటున కూడా చేయకండి.

ఎన్ని సరిపోతే చాలు? కోడ్‌ను గుడ్డిగా పుట్టించమన్నది ఇందుకే. సంబంధం లేని ఫొటోలో మీ 64 బిట్లలో 60 లేదా అంతకన్నా ఎక్కువ యాదృచ్ఛికంగా సరిపోయే అవకాశం సుమారు 27 లక్షల కోట్లలో ఒక వంతు. ఈ లెక్కను ఏ గణితం మాస్టారైనా కాగితం మీద వేసి చూపించగలరు. లాయర్‌కైనా, ఎదుటివాళ్లకైనా ఈ ఒక్క వాక్యం ఇట్టే అర్థమవుతుంది. 64లో 40 వచ్చాయనుకోండి, దాన్ని పట్టుకుని ఎవరినీ నిలదీయకండి. అప్పుడు రా ఫైల్, పక్క ఫ్రేముల మీదే ఆధారపడండి.

ఏ గుర్తుకైనా హద్దులున్నాయి. ఫొటోను ఏఐతో మళ్లీ గీయిస్తే గుర్తు పోవచ్చు. బాగా వంచి, తిప్పి, నాలుగో వంతు మాత్రమే ఉంచినా పోవచ్చు. క్యాలెండర్లకూ, బ్రోచర్లకూ, ఫ్లెక్సీలకూ ఫొటోలు ఎత్తుకునేవాళ్లు అంత కష్టపడటం నేను చూడలేదు. డౌన్‌లోడ్ చేస్తారు, మూల కోస్తారు, వాడేస్తారు.

దొరికినప్పుడు

మొదటి పని ఫోన్ చేయడం కాదు. మీరు ఫోన్ చేసిన పది నిమిషాల్లో ఆ పేజీ మాయమవుతుంది. ముందు పేజీ మొత్తం, అడ్రస్ బార్, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. వెబ్ పేజీల నకళ్లను తేదీతో దాచే వేబ్యాక్ మెషీన్ అనే సైట్‌లో ఆ పేజీని భద్రపరచండి. ఫొటో ఫైలును దించుకుని వెంటనే హ్యాష్ తీయండి. ఫ్లెక్సీ అయితే చుట్టుపక్కల దుకాణాల బోర్డులు పడేలా ఫొటో తీయండి. క్యాలెండర్, బ్రోచర్ లాంటివైతే ఒక కాపీ సంపాదించి, ఎక్కడ, ఎప్పుడు దొరికిందో వెనకాల రాసిపెట్టండి. ఫొటోను బట్టి వెతికే గూగుల్ లెన్స్, టిన్‌ఐలలో చూస్తే ఇంకెక్కడెక్కడ ఉందో బయటపడుతుంది. దించిన ఫైలును ముట్టుకోకండి. దాని నకలు మీదే సైజు సరిచేయడం, గుర్తు తీయడం చేయండి.

తర్వాత మర్యాదగా ఒక ఉత్తరం. చాలా గొడవలు ఇక్కడే తీరిపోతాయి. ఫొటో నంబర్, తీసిన తేదీ, పక్క ఫ్రేముల చిన్న సైజు కాపీలు, సరిపోయిన బిట్ల లెక్క, మీ లైసెన్స్ రుసుము, జవాబుకు గడువు. పాస్‌వర్డ్‌లు మాత్రం రాయకండి. ఒకసారి అవి బయటపడితే వాటితో వేసిన గుర్తులన్నీ బలహీనమైపోతాయి.

ఇతరులు పెట్టే ఫొటోలను చూపించే వెబ్‌సైట్లకు కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(సి) కింద రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వవచ్చు. 2013 కాపీరైట్ రూల్స్ ప్రకారం వాళ్లు 36 గంటల్లో దాన్ని అందకుండా చేయాలి. 21 రోజుల్లోగా మీరు కోర్టు ఉత్తర్వు తేలేకపోతే వాళ్లు ఆ ఫొటోను మళ్లీ పెట్టుకోవచ్చు. కాబట్టి ఆ 21 రోజులూ చేతులు ముడుచుకుని కూర్చోకండి. కోర్టు దాకా వెళ్తే, సెక్షన్ 62 వల్ల మీరు నివసించే చోటే దావా వేసుకునే వీలుంది. ముంబైలోనో ఢిల్లీలోనో ఉన్న కంపెనీ కోసం అక్కడికి తిరగనక్కర్లేదు. తెలిసి చేసిన ఉల్లంఘనకు సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి.

2012 సవరణతో వచ్చిన సెక్షన్ 65బి మన పనికి బాగా దగ్గరిది. ఫొటో ఎవరిదో చెప్పే పేరు, నంబరు, కోడ్ లాంటి సమాచారాన్ని తెలిసి, అనుమతి లేకుండా తీసేయడం దాని కింద నేరం, రెండేళ్ల దాకా జైలు ఉండవచ్చు. అయితే వాడుకునేవారిని గుర్తించడానికి పెట్టిన ఏర్పాటును చట్టం ఆ సమాచారానికి ఇచ్చిన నిర్వచనంలోంచి మినహాయించింది. అందుకే నోట్‌బుక్‌లో ప్రతి కోడ్ పక్కన ముందు మీ పేరు, ఫొటో నంబర్ రాయండి. ఎవరికి పంపారన్నది ఆ తర్వాతి గడిలో ఉండాలి.

ఇంకో కాగితం ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 63 ప్రకారం, ఎలక్ట్రానిక్ ఫైళ్లను సాక్ష్యంగా పెట్టేటప్పుడు రెండు భాగాల సర్టిఫికెట్ ఇవ్వాలి. మొదటి భాగం మీరు నింపాలి, రెండోది నిపుణులు. రెండింట్లోనూ ఫైలు హ్యాష్ రాసే గడి ఉంటుంది. ఫొటో తీసిన రోజున మెయిల్ చేసుకున్న ఆ 64 అక్షరాలు అక్కడ అవసరమవుతాయి. ఈ దశలో కాపీరైట్ కేసులు చూసే లాయర్ తప్పనిసరి. నోట్‌బుక్ తీసుకుని వెళ్తే ఆయన పని సగం తగ్గుతుంది.

చివరగా ఒక జాగ్రత్త. లైబ్రరీల వెర్షన్లు మారుతుంటాయి, ఇవాళ వేసిన గుర్తును రేపటి వెర్షన్ చదవకపోవచ్చు. మీరు వాడిన వెర్షన్ నంబరు నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి, దాని ఇన్‌స్టాలేషన్ ఫైళ్లు రా ఫైళ్ల పక్కనే దాచండి. ఏడాదికోసారి నాలుగైదు పాత ఫొటోల నుంచి గుర్తు తీసి చూడండి. నేను ఈ పని జనవరి మొదటి వారంలో, షాపులు కొత్త క్యాలెండర్లు పంచేటప్పుడు చేస్తాను. నోట్‌బుక్ జిరాక్స్ కాపీ ఒకటి, పాస్‌వర్డ్‌ల గడి కప్పి తీసింది, వరంగల్‌లో మా తమ్ముడి బీరువాలో ఉంది. పాస్‌వర్డ్‌ల కాగితం వేరే కవర్లో, అంటించి.